మదార్‌బీ ఎతెకాఫ్ కూర్చున్న యేడు

రంజాన్ ఇరవయ్యో రోజు సాయంత్రపు నమాజు కాగానే మదార్‌బీ నడిమింటి పడమటి మూలను తడిబట్టతో తుడిచి, రెండు మేకులకు తాడు కట్టి, పూల దుప్పటి అడ్డంగా వేసింది. లోపల చాప, దాని మీద నమాజు చేసే జానిమాజ్ గుడ్డ, ఒక మెత్త, చెక్కపీట మీద ఖురాన్, మంచినీళ్ల చెంబు పెట్టుకుంది. పొద్దు గూకక ముందే దుప్పటి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఇక పండుగ నెలవంక పొడిచేదాకా, నమాజు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకూ కాలకృత్యాలకూ తప్ప ఆ మూల విడిచి రాదు. మగవాళ్లు మసీదులోనూ, ఆడవాళ్లు ఇంట్లోనే ఒక మూలనూ పట్టే ఈ దీక్షను ఎతెకాఫ్ అంటారు. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచలో, ఆ గల్లీలో ఏటా ఎవరో ఒక మగమనిషి కూర్చుంటాడు. ఆడమనిషి కూర్చున్నట్టు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

అది రెండువేల ఆరో సంవత్సరం. మదార్‌బీకి నలభై ఎనిమిదేళ్లు. ఆ యేడే నెలసరి ఆగిపోయి, ముప్పై రోజాలూ తెగకుండా ఉండే వీలు ఆమెకు మొదటిసారి దొరికింది.

ఆమె మొగుడు కుత్బుద్దీన్‌ది బజారులో బట్టల దుకాణం. గల్లీ మసీదుకు ఆయనే పెద్ద, అందరూ సదర్ సాబ్ అంటారు. రంజాన్ చివరి పది రోజులూ ఆయన ఇంటి అరుగు మీద ఇఫ్తార్ అంటే ఆయన తండ్రి కాలం నుంచీ పేరు. రోజుకు ముప్పై మంది తక్కువ కాకుండా వచ్చేవారు. బజ్జీలు, శనగ గుగ్గిళ్లు, కిచిడీ, చింతపండు ఖట్టా. తిన్నవాళ్లు సదర్ సాబ్ చేతి బర్కత్ అని మెచ్చుకునేవారు. ఆ చేతులు ఇరవై ఎనిమిదేళ్లుగా మదార్‌బీవి. మసీదులో మగవాళ్లు చివరి పది రోజుల ఘనత గురించి ఇమామ్ చెప్పే బయాన్ వింటుంటే, ఆ మాటలు మైకులో నుంచి వంటింటి కిటికీ దాకా వచ్చి, కాగే నూనె చప్పుడులో కలిసిపోయేవి.

ఆమె పుట్టింది రేగుంటలో, దూది ఏకి పరుపులు కుట్టే పింజారి ఇంట్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగే. అత్తింటికి వచ్చాక ఉర్దూ నేర్చుకుంది కానీ, మాట మాటకూ రేగుంట బయటపడేది. ఆడబిడ్డ జుబేదా ఆపా ఆమె మాటను వెక్కిరించి నలుగురిలో నవ్వించేది. అరబ్బీ అక్షరం మదార్‌బీకి ఎవరూ నేర్పలేదు. ఖురాన్‌ను ముద్దు పెట్టుకుని గూట్లో పెట్టడమే ఆమెకు తెలిసిన చదువు.

రెండేళ్ల కింద మంచిర్యాల నుంచి కోడలు నఫీసా వచ్చింది. మదరసాలో చదువుకున్న పిల్ల. పగటి పూట మగవాళ్లు పనులకు పోయాక, అత్త కోడలి ముందు కూర్చుని అలిఫ్ నుంచి మొదలుపెట్టింది. అక్షరం కింద వేలు పెట్టి, ఆగి ఆగి, చిన్నపిల్లలా చదివింది. కాయిదా, అంటే ఆ అక్షరాల పుస్తకం, పూర్తి కావడానికే ఏడాది పట్టింది. తర్వాత ఖురాన్ ఎత్తుకుంది. రంజాన్ ఇరవయ్యో రోజుకు దాని ముప్పై పారాల్లో ఇరవై ఒకటి అయ్యాయి. ఇంకా తొమ్మిది. బతికుండగా ఒక్కసారైనా తన నోటితో తాను చివరిదాకా చదవాలన్నది ఆమె పంతం.

మొగుడి అనుమతి లేకుండా భార్య కూర్చోకూడదని నఫీసా చెప్పింది. అందుకే రంజాన్‌కు ముందు నెలలోనే, ఆయన అన్నం తింటున్నప్పుడు మదార్‌బీ అడిగింది. ఆయన నవ్వాడు. కూర్చో, కూర్చో, ఎవరొద్దన్నారు అని ఉర్దూలో అని, ఇంకో రొట్టె వేయించుకున్నాడు. అక్కడ కొడుకు జిలానీ ఉన్నాడు, రొట్టె వేసిన నఫీసా ఉంది.

ఇరవయ్యో రోజు సాయంత్రం కుత్బుద్దీన్ శనగపిండి, ఉల్లిగడ్డల సంచులతో ఇంటికి వచ్చి, దుప్పటి చూసి, ఇదేంది అని కోడలిని అడిగాడు. చెప్తే మళ్లీ నవ్వాడు. ఒక పూట కూర్చుని లేస్తుందిలే అనుకున్నాడు.

మరునాడు ముప్పై మందికీ నఫీసా ఒక్కతే వండింది. రోజా మీదున్న పిల్ల, పొయ్యి సెగకు కళ్లు తిరిగి గోడకు ఆనుకుని జారిపోయింది. గిన్నె పడిన చప్పుడు దుప్పటి వెనక ఉన్న మదార్‌బీకి వినబడింది. లేవబోయింది. అంతలో నఫీసాయే నాకేం కాలేదమ్మీ, లేవకుండ్రి అని అరిచింది. ఆ రాత్రి తిండ్లు కాగానే మదార్‌బీ మొగుడిని పిలిపించింది. ఆయనతో ఇరవై ఎనిమిదేళ్లలో ఎన్నడూ లేనిది, ఆ మూల నుంచి తన పుట్టింటి తెలుగులో మాట్లాడింది.

"జిలానీ అబ్బా, రేపటి సంది ఆ పిల్ల ఇంటోళ్ల మందమే వండుతది. ముప్పై మందికి వండది. పిలిచినోళ్లే వండుకోవాలె."

 ఆయన అది ఆడవాళ్ల అలక అనుకుని, మరునాడు కూడా జనాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

అరుగు నిండా మనుషులు కూర్చున్నారు. పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద ఖర్జూరాలు, మంచినీళ్లు, ఇంటివాళ్ల కోసం వండిన ఒక చిన్న గిన్నెడు గుగ్గిళ్లు. మసీదు సైరన్ మోగింది. రోజా విడిచి, ఖర్జూరం నమిలి, ఇంకేమైనా వస్తుందేమోనని అందరూ ఇంటి గుమ్మం వైపు చూశారు.  కుత్బుద్దీన్ ఏమనుకోవద్దని, ఇంట్లో ఆమెకు జరం వచ్చి మంచం పట్టిందని అందరికీ చెప్పాడు.

గోడకు ఇవతల ఆ మాట మదార్‌బీకి స్పష్టంగా వినబడింది. ఖర్జూరం గింజ అరచేతిలో ఉంది. ఊరుకుందామనుకుంది. పరాయి మగవాళ్లకు వినబడేలా ఆ ఇంటి ఆడది మాట్లాడటం అంతవరకూ లేదు. కానీ దేవుడి కోసం కూర్చున్న కూర్చోవడాన్ని రోగం కింద చెప్పడం ఆమెకు మింగుడుపడలేదు.

"నాకు జరం లేదు," అంది గొంతెత్తి. "నేను ఎతెకాఫ్ల కూసున్న. పండుగ దాక వంటింట్లకు పోను. గది ఎవలి మీది కోపం గాదు."

 కాసేపటికి అరుగు మీంచి మసీదు హాఫిజ్ సాబ్ గొంతు వినబడింది. బీహార్ నుంచి వచ్చి ఆరేళ్లుగా ఆ మసీదులో ఇమామ్‌గా ఉన్న ముసలాయన. బహెన్, మా కోసం కూడా దువా చెయ్యి అని తన ఉర్దూలో అని, లేచి, తన గ్లాసు తానే కడుక్కున్నాడు. ఆయనను చూసి తక్కిన వాళ్లూ లేచారు.

జనం పోయాక కుత్బుద్దీన్ లోపలికి వచ్చాడు. ఇజ్జత్ బజారులో పడేశావని, ఇచ్చిన అనుమతి వాపస్ తీసుకున్నానని, లేచి రమ్మని చెప్పాడు. ఆమె లేవలేదు. ఆయన దుప్పటి అంచు పట్టి ఒక్క గుంజు గుంజాడు. తాడు తెగి, ఒక మేకు ఊడి నేల మీద పడింది. మదార్‌బీ కొంగు ముఖం మీదికి లాక్కుని, ఖురాన్ పీటను గోడ వైపు తిప్పుకుని, ఆపిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది.  ఒక పదం దగ్గర తప్పింది. వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. ఆయన దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు జిలానీ లేచాడు. సిరొంచ, అహేరి నడుమ జీపు నడుపుతాడు. తండ్రి ముందు నోరెత్తి మాట్లాడి ఎరుగడు.  జీపులోంచి సుత్తె తెచ్చి, మేకు కొట్టి, కొత్త తాడు కట్టి, తండ్రి చేతిలోంచి దుప్పటి తీసుకుని మళ్లీ వేశాడు. కుత్బుద్దీన్ చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

మూడో రోజుకు జుబేదా ఆపా అహేరి నుంచి దిగింది. తమ్ముడు కబురు పెట్టాడు. బురఖా తీయకుండానే దుప్పటి ముందు నిలబడి తిట్లు అందుకుంది. సదర్ ఇంటి పేరు ముంచావంది. పింజారి ఇంటి నుంచి తెచ్చి నీడనిస్తే, నాలుగు అక్షరాలు రాగానే దేవుడికి దగ్గరి వలీ అయిపోయాననుకుంటున్నావా అంది. మొగుడి మాట కాదన్న దాని నమాజు దేవుడి దాకా కాదు, దాని నెత్తి మీదికి కూడా లేవదంది. మదార్‌బీ అంతా విన్నది. ఆపా అలసిపోయి ఆగాక, హాఫిజ్ సాబ్‌ను అడగండి, ఆయన లెమ్మంటే ఇప్పుడే లేస్తానంది.

ఆయనను పిలిపించారు. అరుగు మీదనే నిలబడి సంగతి అంతా విన్నాడు. తర్వాత కుత్బుద్దీన్‌ను ఒకటే ప్రశ్న అడిగాడు. ఆమె కూర్చోక ముందు మీరు అనుమతి ఇచ్చారా, లేదా?

నవ్వులాటకు అన్నాడని ఆపా అడ్డం పడింది. హాఫిజ్ సాబ్ ఆమె వైపు చూడలేదు.  దుప్పటి వెనక మదార్‌బీకి తెలుసు, మొగుడు లేదంటే అంతే. కొడుకూ కోడలూ తండ్రిని అబద్ధాలకోరు చేసి సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. అది ఆమెకు ఇష్టం లేదు.

"ఇచ్చిన," అన్నాడు కుత్బుద్దీన్.

అయితే వెనక్కి తీసుకునే హక్కు లేదని హాఫిజ్ సాబ్ తేల్చేశాడు. ఒకసారి ఇచ్చి, ఆమె కూర్చున్నాక మొగుడు లెమ్మనడానికి వీల్లేదు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఇఫ్తార్ పెట్టడం పుణ్యమే కాని, ఆ పుణ్యం వండిన వాళ్లకు ముందు పోతుందని, సదర్ సాబ్‌కు పుణ్యం కావాలంటే మసీదు వెనక రాళ్లపొయ్యి ఉందని అన్నాడు.

నాలుగో రోజు నుంచి ఇఫ్తార్ మసీదు వెనక జాగాకు మారింది. ఎవరి ముందూ తగ్గని కుత్బుద్దీన్, అయితే నేనే వండి చూపిస్తానని ఆ పొయ్యి మీద గుండిగంత దేగ్ ఎక్కించాడు. మొదటి రోజు కిచిడీ అడుగంటి మాడింది. మాడు వాసన గల్లీ దాటి ఇంటిదాకా వచ్చింది. పెద్ద పెద్ద మీసాల వాళ్లు ఉల్లిగడ్డలు కోస్తూ కళ్లు తుడుచుకున్నారని జిలానీ చెప్తే, మదార్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ వెంటనే తౌబా అని చెంపలేసుకుంది.

నిజం చెప్పాలంటే, అయిదో రోజుదాకా ఆమె సజ్దాలో దేవుడితో మాట్లాడలేదు, మొగుడితోనే మాట్లాడింది. నుదురు నేలకు ఆనించగానే ఆయన అన్న మాట గుర్తొచ్చేది, దానికి తాను అనాల్సిన మాట గుర్తొచ్చేది. ఆపాకు ఇవ్వని జవాబులు వరుస కట్టి వచ్చేవి. చదువుతుంటే చెవి వంటింట్లోనే ఉండేది. పోపు మాడుతున్నదని వాసన పట్టేది. గెలిచాననుకున్న మనిషి లోపల ఇంత గోల ఏందని ఆమెకే సిగ్గేసింది.

పక్కింటి వెంకటవ్వ పగటి పూట కిటికీ అవతల వచ్చి కూర్చునేది. ఆమెకు ప్రాణహిత ఒడ్డున వరి మడులు ఉన్నాయి. పొలం నుంచి వస్తూ వస్తూ కాళ్ల బురదతోనే ఆగేది. ఒక్కపొద్దులు మాకూ ఉన్నాయి కానీ పది రోజులు మూలకు కూర్చునే ఒక్కపొద్దు చూడలేదని, లోపల ఏం చేస్తావని అడిగింది. మదార్‌బీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అందరితో కొట్లాడుతున్న వెంకటవ్వా, దేవుని మాట ఇంకా మొదలుగాలే అంది. వెంకటవ్వ నవ్వలేదు. పొలంలో కొత్త నీళ్లు పెట్టినప్పుడు ముందు చెత్త అంతా పైకి తేలుతుందని, అది పోనిచ్చి చూడమని చెప్పి వెళ్లింది.

ఆరో రోజు మధ్యాహ్నం, మరాఠీలో భారనియమన్ అనే కోత పేరిట కరెంటు తీసేసిన గంటల్లో, ఇల్లంతా సద్దుమణిగి ఉంది. మదార్‌బీ నమాజు అయ్యాక దువా కోసం మళ్లీ నుదురు నేలకు ఆనించి చాలాసేపు లేవలేదు. అరవడానికి ఎవరూ గుర్తు రాలేదు. ఆ ఖాళీలోంచి, పిలవకుండానే, రజియా వచ్చింది.

రజియా ఆమె రెండో బిడ్డ. ఇరవై అయిదేళ్ల కింద, ఆ పిల్ల పుట్టిన యేడు, రంజాన్ వానకాలంలో పడింది. నలభై రోజుల పిల్లకు ఊపిరి ఎగదన్నితే, వరదకు పడవలు ఆగిపోయి నది అవతలికి తీసుకుపోలేకపోయారు. ఇరవై ఒకటో రోజా నాడు పోయింది. ఇరవై నాలుగో రోజా నాడు మదార్‌బీ పొయ్యి ముందు ఉంది. సదర్ ఇంటి ఇఫ్తార్ ఆగకూడదని అత్త అంది. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తుంటే, కొంగు అడ్డం పెట్టుకుని బజ్జీలు వేసింది. ఆ తర్వాత ఆ పిల్ల పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఏడవడానికి ఆమెకు ఒక రోజంటూ ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఏడ్చింది. సజ్దాలోనే, గొంతు విప్పి, తెలుగులో అడిగింది. నా బిడ్డను నీ కాడ మంచిగ చూసుకో అల్లా అంది. దానికి పాలు తాపే యాళ్లకు నేను బజ్జీలు ఏస్తున్న, గది నీకు తెలుసు అంది. నా మీద అలిగిందేమో, అలిగితే చెప్పు, నేను ఎవలికి వండకుండ ఈ పది దినాలు దాని కోసమే కూసున్నట్టు చెప్పు అంది.

వసారాలో పడుకున్న జుబేదా ఆపా లేచి వచ్చింది. ఏడుపు సంగతి తర్వాత, ముందు ఆమె చెవికి తగిలింది భాష. దువా తెలుగులో అడుగుతారా ఎవరైనా, ఉర్దూ అయినా రాదా, ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఏం నేర్చుకున్నావని గదమాయించింది. మదార్‌బీ లేచి కూర్చుని, ముఖం తుడుచుకుని, దుప్పటి పక్కకు తీసింది. ఎతెకాఫ్ మొదలైనప్పటి నుంచి ఆపా ఆమె ముఖం చూడటం అదే మొదలు.

"ఆపా, నా కడుపుకోత తెలుగులనే ఉన్నది. ఉర్దూల అడిగితే అది మీ కోసం అడిగినట్టయితది. అల్లాకు తెలుగు రాదని హాఫిజ్ సాబ్‌తోని చెప్పియ్యి, నేను ఇప్పుడే ఈ మూలకెళ్లి లేస్త."

 ఆ కాన్పు చేయించింది ఆపానే. రజియాకు మొదటి చుక్క తేనె నాకించింది కూడా ఆమే. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. ఆపా వెళ్లి వసారాలో గోడ వైపు తిరిగి పడుకుంది. మదార్‌బీ దుప్పటి వేసుకుని మళ్లీ అడగడం మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

ఆ రోజు నుంచి మూల మారిపోయింది. నిద్ర తగ్గింది, ఆకలి గుర్తుకు రావడం మానేసింది. చదువుతుంటే అర్థం తెలియకపోయినా, ప్రతి పదమూ తనను ఎరిగిన మనిషిలా అనిపించేది. బేసి రాత్రుల్లో ఒకటి వెయ్యి నెలల కంటే గొప్పదని మైకులో చెప్తే, ఏ రాత్రో వెతకడం ఎందుకని అన్ని రాత్రులూ మేలుకుంది. ఇరవై ఏడో రోజా దీపావళి నాడే వచ్చింది. బయట గల్లీ అంతా పటాకులు, లోపల ఆమె గొంతు. చప్పుడుకు ఒక్క వరుస కూడా తప్పలేదు.

ఆ దీపావళి రాత్రి దాటాక, తెల్లవారుజామున కుత్బుద్దీన్ దుప్పటి అవతల వచ్చి కూర్చున్నాడు. చేతులకు ఇంకా మసాలా వాసన ఉంది. నూనె చిట్లి మణికట్టు మీద బొబ్బ లేచిందని నఫీసా ముందే చెప్పింది.  ఆమె ఏడ్చిన సంగతి ఆపా చెప్పిందన్నాడు. రజియా పేరు తానూ మరిచిపోలేదన్నాడు. ఆమె ఇవతల చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"జర బయటికి రా, మాట్లాడుకుందం," అన్నాడు.

"ఇప్పుడు రాను," అంది మదార్‌బీ. "ఇరవై అయిదేండ్లు ఆగిండ్రు. ఇంక మూడు దినాలు ఆగుండ్రి. నెల పొడిచినంక మాట్లాడుదం. నాకు ఇంక మూడు పారాలున్నయ్."

ఆయనకు కోపం వచ్చిందో లేదో దుప్పటిలోంచి కనబడలేదు. లేచి, రోజా పట్టే ముందు తినే సెహ్రీకి నీళ్లు తెచ్చి చెంబులో పోసి, మసీదుకు పోయాడు.

ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం మబ్బు పట్టింది. పిల్లలు మేడలెక్కి చూశారు, నది ఒడ్డుకు పోయి చూశారు. నెలవంక కనబడలేదు. గల్లీ అంతా నిరాశపడితే, మదార్‌బీ ఒక్కతే హమ్మయ్య అనుకుంది. ఆమెకు ఇంకా ఒక పారా మిగిలే ఉంది.

ముప్పయ్యో రోజా మధ్యాహ్నం చివరి పారా ఎత్తుకుంది. చిన్న చిన్న సూరాలు. నఫీసా దుప్పటి లోపలికి వచ్చి పక్కన కూర్చుంది కానీ, ఈసారి దిద్దలేదు. చివరి వరుస చదివి మదార్‌బీ పుస్తకం మూయలేదు. ఇంకా ఏదో ఉన్నట్టు అట్ట మీది ఖాళీ కాగితాన్ని వేలితో తడిమింది. అత్తాకోడళ్లు ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి కొంచెంసేపు ఉన్నారు. తర్వాత దువా. తెలుగులోనే అడిగింది. తల్లిదండ్రులను, రజియాను, కోడలిని, దేగ్ ముందు చేతులు కాల్చుకున్న మొగుడిని, వసారాలో ఉన్న ఆపాను, వెంకటవ్వ వరి మడులను, పేరు పేరునా తలచి అడిగింది. ఆమీన్ అని నఫీసా అంది. వసారాలోంచి ఇంకో ఆమీన్ వినబడింది.

సైరన్ మోగాక ఆమె మూలలోంచి బయటికి వచ్చింది. కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుంది. వంటింట్లో కుత్బుద్దీన్ తెల్లారి పండుగ షీర్‌ఖుర్మా కోసం పాలు పెట్టి, సేమ్యా పొట్లం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పొయ్యి ముందు నుంచి కొంచెం పక్కకు జరిగాడు. మదార్‌బీ ఆ ఖాళీలోకి వెళ్లలేదు. గుమ్మం దగ్గర పీట వాల్చుకుని కూర్చుంది.

"పాలు ఇంక మరగాలె," అంది. "సేమ్యా నెయ్యిల ఏంచినంకనే ఎయ్యుండ్రి. నేను చెప్త, మీరు చెయ్యుండ్రి."

 ఆయన నెయ్యి డబ్బా ఎక్కడుందని అడిగాడు. ఆమె చూపించింది. వచ్చే యేడు నఫీసా కూర్చుంటుందని, ఇఫ్తార్ ఇకనుంచి మసీదు దగ్గరే ఉంటుందని, అప్పుడే చెప్పేసింది.  ఆయన సేమ్యా నేతిలో వేసి, మాడకుండా తిప్పుతూ ఉన్నాడు.